ఇంటి కంప్యూటర్‌కు డిస్క్ ఇమేజ్ బ్యాకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్క్ ఇమేజ్ అంటే విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లతో సహా డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు తీసి పెట్టుకునే నకలు. దాని గురించి ఒకే సందేహం పదిమంది నుంచి పది రకాలుగా వస్తోంది. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకుని వెళ్లిపోవచ్చు, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది. ఇక్కడి ఇళ్లల్లో ఎక్కువగా ఉన్నవి విండోస్ 10, 11 కాబట్టి మాట్లాడింది ఎక్కువగా వాటి గురించే.

## మొదలుపెట్టే ముందు

ఫొటోలన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి కదా, ఇంక ఇమేజ్ ఎందుకండి?

ఫొటోలు ఉంటాయి, కంప్యూటరే ఉండదు. డిస్క్ చెడిపోయిన రోజున విండోస్ వేయాలి, డ్రైవర్లు వెతకాలి, ప్రింటర్ కలపాలి, ఆఫీస్, ట్యాలీ, తెలుగు కీబోర్డు, వైఫై పాస్‌వర్డులు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. శని, ఆదివారాలు రెండూ దానికే పోతాయి. ఇమేజ్ ఉంటే గంటా గంటన్నరలో మెషీన్ మునుపటిలా లేచి కూర్చుంటుంది. అలాగని గూగుల్ డ్రైవ్ మానేయకండి. ఇమేజ్ నెలకోసారి తీస్తారు, నిన్న సాయంత్రం టైప్ చేసిన ఫైలు అందులో ఉండదు.

డిస్క్ ఇమేజ్‌లో సరిగ్గా ఏమేం ఉంటాయి?

సి డ్రైవ్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఈమధ్య కొన్న ల్యాప్‌టాప్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. డిస్క్ పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, విడిపోయి ఉంటుంది. ముందు 100 నుంచి 260 ఎంబీల ఈఎఫ్‌ఐ పార్టిషన్, తర్వాత సి డ్రైవ్, చివర 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా రికవరీ పార్టిషన్ కనిపిస్తాయి. ఇవి కాక 16 ఎంబీల ఎంఎస్ఆర్ అని ఒకటి ఉంటుంది, అది అక్కడ కనిపించదు. కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట చదివేది ఈఎఫ్‌ఐనే. ఫైళ్లన్నీ కాపీ చేసి కొత్త డిస్క్‌లో పేస్ట్ చేసినా విండోస్ లేవకపోవడానికి కారణం ఇదే. ఇమేజ్ వీటన్నిటినీ, పార్టిషన్ల కొలతలతో సహా, ఒకే పెద్ద ఫైలుగా గానీ ఒక ఫోల్డర్‌గా గానీ మూట కడుతుంది.

క్లోన్, ఇమేజ్ ఒకటేనా?

కాదు. క్లోన్ అంటే ఒక డిస్క్‌ను ఇంకో డిస్క్ మీదకు దించేయడం. రెండో డిస్క్ మొత్తం దానికే పోతుంది. ఇమేజ్ అంటే ఫైలు. 1 టీబీ డిస్క్‌లో జనవరిదీ, ఫిబ్రవరిదీ, మార్చిదీ పక్కపక్కనే పెట్టుకోవచ్చు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయాలంటే క్లోన్ చాలు. బ్యాకప్‌కు మాత్రం ఇమేజే సరి.

పాత రోజుల్లో ఘోస్ట్ కొట్టేవాళ్లు, అదేనా ఇది?

పని అదే, పనిముట్టు మారింది. నార్టన్ ఘోస్ట్ అమ్మకం 2013 ఏప్రిల్ 30తో ఆగిపోయింది. బీరువాలో ఉన్న ఆ పాత సీడీతో ఇప్పటి ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్ఎస్‌డీ) ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి.

సిస్టమ్ రీస్టోర్ పాయింట్ ఉంది, సరిపోదా?

రీస్టోర్ పాయింట్ ఉండేది అదే డిస్క్‌లో. డిస్క్ పోతే అదీ పోతుంది. డ్రైవర్ అప్‌డేట్ వికటించినప్పుడు వెనక్కి వెళ్లడానికే అది పనికొస్తుంది.

## సాఫ్ట్‌వేర్, డిస్క్ ఎంపిక

ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు? ఉచితంగా దొరికేదే చెప్పండి.

ఇన్నాళ్లూ అందరూ చెప్పే పేరు మాక్రియం రిఫ్లెక్ట్ ఫ్రీ. దానికి అప్‌డేట్లు 2024 జనవరి 1తో ఆగిపోయాయి. కొత్త వెర్షన్ డబ్బు కట్టి వాడాల్సిందే. ఉచితంగా కావాలంటే విండోస్‌లోంచే నడిచేవాటిలో హాస్‌లియో బ్యాకప్ సూట్ ఫ్రీ, వీమ్ ఏజెంట్ ఫ్రీ బాగుంటాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, అంటే మెషీన్‌ను విండోస్‌తో కాక పెన్‌డ్రైవ్‌తోనే లేపి, వాడేవి రెస్క్యూజిల్లా, క్లోన్‌జిల్లా. రెస్క్యూజిల్లాలో మౌస్‌తో నొక్కుకుంటూ పోవచ్చు. క్లోన్‌జిల్లా నీలం తెర మీద ప్రశ్నలడుగుతుంది, తొందరపడి ఎంటర్ కొట్టేవాళ్లకు అది మంచిది కాదు. మీ డిస్క్ డబ్ల్యూడీ, సీగేట్, కింగ్‌స్టన్ లాంటి కంపెనీలదైతే వాళ్ల సైట్లో అక్రోనిస్ అనే కంపెనీ తయారుచేసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఉందేమో చూడండి. అది ఆ కంపెనీ డిస్క్ తగిలించి ఉంటేనే పనిచేస్తుంది.

ఏది మంచిదన్న చర్చకు అంత సమయం అక్కర్లేదు. రీస్టోర్ (ఇమేజ్‌ను తిరిగి డిస్క్ మీదకు దించడం) ఒకసారి చేసి చూసిన మామూలు సాఫ్ట్‌వేర్, ఎన్నడూ రీస్టోర్ చేయని ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా నయం.

విండోస్‌లోనే సిస్టమ్ ఇమేజ్ ఆప్షన్ ఉంది కదా?

కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ విండోస్ 7 అనే పేరుతో ఇప్పటికీ ఉంది. అయితే 2017లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేయబోయే సౌకర్యాల జాబితాలో చేర్చింది. అత్యవసరానికి పనికొస్తుంది గానీ మొండిది. అది తయారుచేసే విండోస్ ఇమేజ్ బ్యాకప్ అనే ఫోల్డర్ పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా రికవరీ తెర దాన్ని గుర్తుపట్టదు. పాత డిస్క్ కన్నా చిన్న డిస్క్ మీదకు రీస్టోర్ చేయదు. చాలామందికి ఎదురయ్యే ఎర్రర్ 0ఎక్స్80780119. సి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా జాగా లేదంటుంది. అది మాట్లాడేది ఈఎఫ్‌ఐ, రికవరీ పార్టిషన్ల గురించి. 500 ఎంబీల లోపు పార్టిషన్‌లో కనీసం 50 ఎంబీ, అంతకన్నా పెద్దదైతే 320 ఎంబీ ఖాళీ ఉండాలని దాని పట్టు.

ఎంత పెద్ద డిస్క్ కొనాలి?

మీ డిస్క్ కెపాసిటీ ఎంతన్నది కాదు, అందులో నిండింది ఎంతన్నది చూడండి. సి డ్రైవ్‌లో 180 జీబీ వాడి ఉంటే, మామూలు కంప్రెషన్‌తో ఇమేజ్ సుమారు 110 నుంచి 130 జీబీ వస్తుంది. ఫొటోలు, వీడియోలే ఎక్కువుంటే పెద్దగా తగ్గదు, అవి అప్పటికే నలిగి ఉన్న ఫైళ్లు. పేజ్‌ఫైల్, హైబర్‌నేషన్ ఫైలు లాంటి వాటిని చాలా సాఫ్ట్‌వేర్లు వదిలేస్తాయి. మూడు ఫుల్ ఇమేజ్‌లు పట్టేలా లెక్క వేసుకుంటే ఈ ఉదాహరణకు 1 టీబీ హాయిగా సరిపోతుంది. 1 టీబీ డిస్క్‌ను విండోస్ 931 జీబీగా చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

హార్డ్‌డిస్కా, ఎస్ఎస్‌డీనా?

బీరువాలో పెట్టి ఉంచేదైతే హార్డ్‌డిస్కే. ఎస్ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే కారిపోతుంది. చిప్‌లకు ప్రమాణాలు పెట్టే సంస్థ జెడెక్ లెక్క ప్రకారం ఇంటి వాడకం ఎస్ఎస్‌డీ, దాని మీద రాయగలిగే ఆయుష్షు అంతా అయిపోయాక కూడా, 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు సమాచారం నిలపాలి. కొత్త ఎస్ఎస్‌డీ అంతకన్నా చాలా ఎక్కువ కాలమే ఆగుతుంది. కాకపోతే మన మేడ మీది గదుల్లో మే నెలలో 30 డిగ్రీలు ఎక్కడుంటాయి? హార్డ్‌డిస్క్‌కు వేరే గండం ఉంది. నడుస్తుండగా కదిపినా, మంచం మీంచి జారి పడినా అయిపోతుంది. బల్ల మీద పడుకోబెట్టి వాడండి.

సీటీసీకి వెళ్లి కొంటున్నాను, ఏం చూసుకోవాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, ఆన్‌లైన్ అయినా చూసుకోవలసినవి అవే. సీల్ ఉండాలి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవాలి, ఆ నంబర్‌ను అక్కడే ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడాలి. ఇంటికొచ్చాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే, డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్‌లో పవర్ ఆన్ గంటలు చూడండి. కొత్తది అని అమ్మినదానిలో వేల గంటలు కనిపిస్తే అది వాడి తీసిన డిస్క్. ధర మరీ తక్కువగా ఉన్న పేరులేని 2 టీబీ ఎస్ఎస్‌డీలు అసలు కొనకండి. చాలావాటిలో లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు, పైకి మాత్రం 2 టీబీ అని చూపిస్తుంది.

ఇమేజ్ 4 జీబీ దాకా వచ్చి ఆగిపోతోంది, జాగా బోలెడుంది.

డిస్క్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. దానిలోవి వేరేచోటికి తీసుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి.

## రెస్క్యూ పెన్‌డ్రైవ్

రెస్క్యూ పెన్‌డ్రైవ్ తప్పనిసరా? ఇమేజ్ ఉంటే చాలదా?

తప్పనిసరి. డిస్క్ చచ్చిపోయాక ఇమేజ్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా ఆ డిస్క్‌లోనే పోయి ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. సాఫ్ట్‌వేర్‌లో రెస్క్యూ మీడియా లేదా ఎమర్జెన్సీ డిస్క్ అనే మెనూ ఉంటుంది, దాన్ని అదే ల్యాప్‌టాప్ మీద నడపండి. అప్పుడు ఆ మెషీన్ డ్రైవర్లు కూడా అందులోకి చేరతాయి. తయారయ్యాక ఒకసారి దానితో బూట్ చేయండి. తెర వచ్చిందా, లోపలి డిస్క్ కనిపిస్తోందా, బయటి డిస్క్‌లోని ఇమేజ్ కనిపిస్తోందా అని మూడూ చూసుకోండి. ఆ తర్వాత మార్కర్‌తో పేరు రాసి, దారంతో బయటి డిస్క్ సంచికే కట్టేయండి. లేకపోతే నెల తిరిగేలోపు ఎవరో ఒకరు అందులో పాటలు ఎక్కిస్తారు.

ఏ కీ నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది?

కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్, ఆసుస్ మదర్‌బోర్డులో ఎఫ్8. ఎంఎస్ఐలో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12. కొన్ని ఏసర్‌లలో ఎఫ్12 బూట్ మెనూ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ఆపి ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. పవర్ బటన్ నొక్కిన వెంటనే ఆ కీని టకటకా కొడుతూ ఉండండి, ఒక్కసారి నొక్కి ఎదురుచూస్తే అందదు.

పెన్‌డ్రైవ్ లేచింది గానీ ల్యాప్‌టాప్ డిస్కే కనిపించట్లేదు. డిస్క్ పోయినట్టేనా?

కంగారు వద్దు, ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. బయోస్‌లో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, రెస్క్యూ పెన్‌డ్రైవ్‌లో దాని డ్రైవర్ లేకపోతే ఎన్‌వీఎంఈ డిస్క్ కనపడదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, రెస్క్యూ మీడియా తయారుచేసేటప్పుడు యాడ్ డ్రైవర్ దగ్గర ఇవ్వండి. బయోస్‌లో వీఎండీ ఆపేసినా డిస్క్ కనిపిస్తుంది, కానీ పని అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే విండోస్ నీలం తెర వేసి ఆగిపోవచ్చు.

## ఇమేజ్ తీసేటప్పుడు

ముందు ఏమైనా సర్దుకోవాలా?

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉన్న సినిమాలు, డిస్క్ క్లీనప్ చూపించే పాత విండోస్ అప్‌డేట్ ఫైళ్లు తీసేస్తే ఇరవై ముప్పై జీబీలు తగ్గడం మామూలే. వైరస్ స్కాన్ ఒకసారి నడపండి. మెషీన్‌లో వైరస్ ఉంటే ఇమేజ్‌లోనూ ఉంటుంది, ఆరునెలల తర్వాత రీస్టోర్ చేస్తే దానితోపాటే లేస్తుంది.

ఏయే పార్టిషన్లకు టిక్ పెట్టాలి?

విండోస్ ఉన్న డిస్క్‌లోని అన్నింటికీ. చిన్నవి కదా అని ఈఎఫ్‌ఐని వదిలేయకండి, మొత్తం కలిపినా పెరిగేది 1 జీబీకి అటూఇటూగానే. సినిమాలు మాత్రమే ఉన్న డి డ్రైవ్‌ను వదిలేయొచ్చు.

తీస్తుండగా పని చేసుకోవచ్చా?

విండోస్‌లోంచి తీసే సాఫ్ట్‌వేర్ అయితే చేసుకోవచ్చు. వాల్యూమ్ షాడో కాపీ అనే విండోస్ సేవ, మీరు స్టార్ట్ నొక్కిన క్షణాన డిస్క్ ఎలా ఉందో అలా నిలబెట్టి చూపిస్తుంది. ఆ తర్వాత మీరు మార్చినవి ఇమేజ్‌లోకి రావు. పని నెమ్మదిస్తుంది కాబట్టి రాత్రి భోజనానికి ముందు మొదలుపెట్టి వదిలేయడం సుఖం. స్లీప్ సెట్టింగ్ నెవర్‌లో పెట్టండి.

నాలుగు గంటలైనా 30 శాతమే. ఎందుకిలా?

మొదట పోర్టు చూడండి. యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 30, 35 ఎంబీ మించదు, 150 జీబీకి గంటా పది నిమిషాలు దాటుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులో మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ రాస్తే అదే పని 25 నిమిషాలు. డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు చాలాసార్లు వేగాన్ని చంపుతాయి, వెనకవైపు నేరుగా పెట్టి చూడండి. మొదట్లో వేగంగా వెళ్లి తర్వాత 20 ఎంబీకి పడిపోతుంటే అది ఎస్ఎంఆర్ రకం హార్డ్‌డిస్క్ కావచ్చు. జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్కులు చాలావరకు ఆ రకమే. ఏకబిగిన రాయడం వాటికి భారం, పాడైనట్టు కాదు. ఎన్‌వీఎంఈ పెట్టిన బయటి డబ్బా అయితే వేడెక్కి నెమ్మదిస్తుంది, ఫ్యాన్ కింద పెట్టండి. ఇవేవీ కాకుండా అంకె ఒకేచోట నిలిచిపోతే లోపలి డిస్క్ చదవలేకపోతోందని అనుమానించాలి.

నడిమధ్యల కరెంటు పోతే ఏమైతది?

ఇమేజ్ తీసేటప్పుడు పోతే మీ అసలు డిస్క్‌కు ఇమేజ్ వల్ల నష్టం లేదు, దాన్ని చదువుతున్నారే గానీ రాయట్లేదు. సగం ఇమేజ్ పనికిరాదు, తీసేసి మళ్లీ తీయండి. అంతకుముందు బయటి డిస్క్ మీద ఎర్రర్ చెకింగ్ ఒకసారి నడపండి. రీస్టోర్ చేసేటప్పుడు పోతేనే ఇబ్బంది. అవతలి డిస్క్ సగం రాసి ఆగిపోతుంది, మొదటి నుంచీ చేయాల్సిందే. ఇమేజ్ మాత్రం భద్రంగానే ఉంటుంది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేచే సమయాన డెస్క్‌టాప్‌తో ఈ పని పెట్టుకోకండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. ఎకో లేదా నార్మల్ మోడ్‌లో మారే ఆ లిప్తపాటులో ఫ్యాన్ ఆగదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉంచి, చార్జర్ పెట్టే చేయండి.

బిట్‌లాకర్ ఆన్‌లో ఉందట. ఇమేజ్ వస్తుందా?

బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). ఇమేజ్ వస్తుంది, ఎక్కడ నుంచి తీశారన్నదే తేడా. విండోస్ నడుస్తుండగా తీస్తే తాళం తీసి ఉన్న డిస్క్ కాబట్టి ఇమేజ్ మామూలుగా, చిన్నగా వస్తుంది. కానీ ఆ ఇమేజ్‌కు తాళం ఉండదు, సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలి. రీస్టోర్ అయ్యాక బిట్‌లాకర్ మళ్లీ ఆన్ చేసుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి తాళం తీయకుండా తీస్తే లోపల ఏది ఖాళీయో ఏది నిండిందో తెలియదు కాబట్టి 512 జీబీకి 512 జీబీ మొత్తం రాస్తుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా వేసిన చాలా మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతోంది. ఆన్ చేసిన గుర్తు లేదు అనుకోకుండా సెట్టింగ్స్‌లో చూడండి. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ ఆపినా, బయోస్ మార్చినా తరువాత బూట్‌లో అడిగేది ఆ కీనే.

క్లోన్‌జిల్లా ఎన్‌టీఎఫ్‌ఎస్ సరిగా లేదని ఆగిపోతోంది.

విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల. షట్‌డౌన్ చేసినా మెషీన్ సగం నిద్రలోనే ఉంటుంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, పూర్తిగా ఆగుతుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. అయినా ఒప్పుకోకపోతే విండోస్‌లో సి డ్రైవ్ ప్రాపర్టీస్, టూల్స్‌లో ఎర్రర్ చెకింగ్ నడపాలి.

డిస్క్ టిక్‌టిక్ అంటోంది. ఇప్పుడు ఇమేజ్ తీయొచ్చా?

శబ్దం వస్తుంటే ముందు ఆపేయండి. తిరిగి ఎన్నిసార్లు ఆన్ అవుతుందో ఎవరూ చెప్పలేరు. పోతే బతకలేని ఫైళ్లు ఉంటే నేరుగా డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం మంచిది. శబ్దం లేకుండా నెమ్మదించి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫోలో పసుపురంగు కాషన్ వస్తుంటే 05, సి5, సి6 అనే వరుసలు చూడండి. సి5లో అంకె ఉందంటే చదవలేకపోతున్న సెక్టార్లు ఉన్నాయని. అలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ రిపేర్ నడపకండి, అరిగిపోయినదాన్ని ఇంకా అరగదీస్తుంది. ముందు ముఖ్యమైన ఫోల్డర్లు కాపీ చేసుకోండి. తర్వాత లినక్స్‌లో ఉండే డీడీరెస్క్యూ వాడండి. బాగున్న భాగాన్ని ముందు లాగేసి, చెడిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, అందుకే మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించవచ్చు.

ఎన్ని రోజులకోసారి తీయాలి? ఫుల్, ఇంక్రిమెంటల్, డిఫరెన్షియల్‌లో ఏది?

ఇంటికి నెలకో ఫుల్, వారానికో డిఫరెన్షియల్ చాలు. ఇంక్రిమెంటల్ క్రితంసారి నుంచి మారినవే తీస్తుంది, చిన్నగా ఉంటుంది. కానీ గొలుసులో ఒక్క లంకె చెడితే దాని తర్వాతవన్నీ వృథా. డిఫరెన్షియల్ ప్రతిసారీ ఫుల్ నుంచి లెక్కేస్తుంది, కాస్త పెద్దదైనా రీస్టోర్‌కు రెండు ఫైళ్లు ఉంటే చాలు. జాగా ఉన్నవాళ్లు ఎప్పుడూ ఫుల్ తీసుకున్నా తప్పేం లేదు, అన్నిటికన్నా గందరగోళం లేని పద్ధతి అదే.

## తీశాక

ఇమేజ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

సక్సెస్ అని పచ్చ టిక్ వచ్చిందంటే రాయడం పూర్తయిందని మాత్రమే. వెరిఫై నడపండి, తిరిగి చదివి చెక్‌సమ్‌తో పోలుస్తుంది. తర్వాత ఇమేజ్‌ను మౌంట్ చేయండి. కొత్త డ్రైవ్ అక్షరంతో తెరుచుకుంటుంది, అందులోంచి ఏదో ఒక ఫొటో, ఒక ఎక్సెల్ ఫైలు తెరిచి చూడండి. అన్నిటికన్నా గట్టి పరీక్ష పాత డిస్క్ ఒకటి సంపాదించి దాని మీదకు నిజంగా రీస్టోర్ చేసి, దాన్నే మెషీన్‌లో పెట్టి బూట్ చేయడం. అసలు డిస్క్ పక్కన భద్రంగా ఉంటుంది కాబట్టి పోయేదేం లేదు. సెలవురోజు మధ్యాహ్నం రెండు గంటలు దీనికి కేటాయించండి. డ్రైవర్ లేని పెన్‌డ్రైవ్, మరిచిపోయిన పాస్‌వర్డ్, తప్పిపోయిన పార్టిషన్, అన్నీ ఆ రోజే బయటపడతాయి.

డిస్క్‌ను ఎక్కడ దాచాలి?

కంప్యూటర్ పక్కన మాత్రం కాదు. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లోని పల్లపు కాలనీల్లో కింది అంతస్తులన్నీ మునిగాయి. సీపీయూ, బ్యాకప్ డిస్క్ ఒకే బల్ల కింద ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. ఒక డిస్క్ ఇంట్లో పై అరలో, ఇంకోటి ఉప్పల్‌లోనో మియాపూర్‌లోనో ఉన్న అన్నయ్యగారింట్లో ఉంచి పండగకో పబ్బానికో వెళ్లినప్పుడు మార్చుకోవచ్చు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెడితే వానాకాలం తేమ తగలదు. ఇంటి బయటికి వెళ్లే డిస్క్‌లోని ఇమేజ్‌కు ఏఈఎస్ పాస్‌వర్డ్ పెట్టండి, మీ బ్రౌజర్ పాస్‌వర్డులన్నీ అందులో ఉన్నాయి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే దారి లేదు.

రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే ఇమేజ్ కాపాడుతుందా?

డిస్క్ తీసి పక్కన పెట్టి ఉంటే కాపాడుతుంది. రోజంతా తగిలించి ఉంటే అదీ గుప్పిట్లోకి పోతుంది.

క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా?

పెట్టొచ్చు, ఓపిక ఉండాలి. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా అందినా 150 జీబీ ఎక్కడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. దించుకోవడానికి మళ్లీ అంత. పైగా మెషీన్ పోయిన రోజున దించుకోవడానికి ఇంకో కంప్యూటర్ కావాలి.

## రీస్టోర్

కొత్త ఎస్ఎస్‌డీ తెచ్చాను. వరుసగా ఏం చేయాలి?

మెషీన్ ఆపి కొత్త డిస్క్ బిగించండి. కొత్త డిస్క్, ఇమేజ్ ఉన్న బయటి డిస్క్, రెస్క్యూ పెన్‌డ్రైవ్ తప్ప మిగతా డిస్కులన్నీ ఊడదీయండి. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇమేజ్ ఎంచుకుని, మొత్తం డిస్క్ రీస్టోర్ అనండి. అవతలి డిస్క్ ఏదని అడిగినప్పుడు అక్షరాన్ని నమ్మకండి, రెస్క్యూ తెరలో సి, డి అక్షరాలు తారుమారవుతాయి. పేరు, కెపాసిటీ చూసి నిర్ణయించండి. లినక్స్ పెన్‌డ్రైవ్‌లో అయితే ఎన్‌వీఎంఈతో మొదలయ్యే పేరు లోపలిది, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటివి యూఎస్‌బీవి కావచ్చు, లోపలి సాటా డిస్కులూ కావచ్చు. ఈ పనిలో జరిగే ఘోరమైన పొరపాటు ఒక్కటే, ఇమేజ్ ఉన్న డిస్క్ మీదకే రీస్టోర్ కొట్టడం. ఎస్ అనే ముందు తెర మీది పేరు పైకి చదవండి, పక్కన ఇంకొకరుంటే వాళ్లతో కూడా చదివించండి.

పాతది 512 జీబీ, కొత్తది 500 జీబీ. జాగా చాలదంటోంది.

విండోస్ లెక్కలో 512 అంటే 476 జీబీ, 500 అంటే 465. ఆ 11 జీబీల తేడాతోనే క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా తలుపు మూసేస్తాయి, లోపల 150 జీబీయే నిండి ఉన్నా సరే. సి డ్రైవ్‌ను కుదిస్తే చాలనుకుంటారు గానీ చాలదు. రికవరీ పార్టిషన్ డిస్క్ చిట్టచివర కూర్చుని ఉంటుంది. పార్టిషన్లు జరిపే జీపార్టెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కూడా ఎడమవైపుకు జరిపి, ఆపైన ఇమేజ్ తీయాలి. పాత డిస్క్ ఇప్పటికే పోయి ఉంటే ఆ అవకాశం లేదు, అంతకు సమానమైనదో పెద్దదో కొనాలి. హాస్‌లియో, మాక్రియం లాంటివి రీస్టోర్ చేస్తూనే పార్టిషన్లు కుదిస్తాయి.

పెద్ద డిస్క్ మీదకు రీస్టోర్ చేస్తే సగం ఖాళీగా, నల్లగీతతో కనిపిస్తోంది.

అది ఎవరికీ కేటాయించని జాగా. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుండటం వల్ల ఎక్స్‌టెండ్ మెనూ పనిచేయదు. జీపార్టెడ్‌లో రికవరీని చివరికి జరిపి సి డ్రైవ్‌ను పెంచండి.

రీస్టోర్ వంద శాతం అయ్యింది, బూట్ కావట్లేదు.

ముందు బయోస్‌లో బూట్ వరుస చూడండి, విండోస్ బూట్ మేనేజర్ పైన ఉండాలి. ఇమేజ్ తీసినప్పుడు బూట్ పద్ధతి యూఈఎఫ్‌ఐ అయి ఉంటే ఇప్పుడు పాత పద్ధతి లెగసీలో ఉండకూడదు. నీలం తెర మీద ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తే స్టోరేజ్ మోడ్ మారిందని అర్థం, ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీలలో ఇమేజ్ తీసినప్పుడు ఏది ఉందో అదే పెట్టాలి. ఇవి సరిగా ఉన్నా లేవకపోతే రెస్క్యూ పెన్‌డ్రైవ్‌లో ఫిక్స్ బూట్ నడపండి. పాత డిస్క్, కొత్త డిస్క్ రెండూ తగిలించి మొదటిసారి బూట్ చేయకండి. రెండింటికీ ఒకే గుర్తింపు నంబర్ ఉండటంతో విండోస్ తికమకపడుతుంది.

ఈ ఇమేజ్‌ను వేరే కంప్యూటర్‌లో వేయొచ్చా?

సాంకేతికంగా వేయొచ్చు. విండోస్ 10, 11 కొత్త హార్డ్‌వేర్‌కు చాలావరకు సర్దుకుంటాయి, యూనివర్సల్ రీస్టోర్ లాంటి ఆప్షన్ ఉంటే ఇంకా తేలిక. లైసెన్సు మాత్రం వేరే సంగతి. ల్యాప్‌టాప్‌తోపాటు వచ్చిన ఓఈఎం విండోస్ ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది.

మొత్తం వద్దు, పోయిన ఒక్క ఫైలు కావాలి.

ఇమేజ్‌ను మౌంట్ చేసి కాపీ చేసుకోండి. పర్మిషన్ లేదంటే మౌంట్ చేసేటప్పుడు యాక్సెస్ ఆప్షన్‌కు టిక్ పెట్టండి. క్లోన్‌జిల్లా ఇమేజ్‌లో ఇది నేరుగా కుదరదు, రెస్క్యూజిల్లాలోని ఇమేజ్ ఎక్స్‌ప్లోరర్‌తో తెరవవచ్చు.

## వేరే వేరే సందర్భాలు

డీటీపీ సెంటర్‌లో పాత విండోస్ 7 మెషీన్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి. సీడీలు లేవు. ఏం చేయాలి?

డిస్క్ ఇమేజ్ అవసరం అందరికన్నా ఎక్కువ మీకే. ఛత్తా బజార్ శుభలేఖల షాపుల్లోనూ, చిన్న ప్రెస్సుల్లోనూ ఇలాంటి మెషీన్లు ఇంకా అన్నం పెడుతున్నాయి. ఒకసారి చెడితే ఆ కీబోర్డ్ లేఅవుట్, ఆ ఫాంట్ల కూర్పు మళ్లీ కుదరడం కష్టం. ఈ వారంలోనే పెన్‌డ్రైవ్ నుంచి ఫుల్ ఇమేజ్ తీసి రెండు డిస్కుల్లో ఉంచండి. అదే కెపాసిటీ ఉన్న సాటా ఎస్ఎస్‌డీ కొని దాని మీదకు రీస్టోర్ చేసి, ఆ ఎస్ఎస్‌డీతోనే పని నడపండి. పాత హార్డ్‌డిస్క్ అట్టిపెట్టుకోండి. హార్డ్‌వేర్ లాక్ పెట్టే సాఫ్ట్‌వేర్ అయితే ఆ లాక్ ఇమేజ్‌లోకి రాదు, డిస్క్ సీరియల్ నంబర్‌కు కట్టిన లైసెన్సు అయితే కొత్త డిస్క్‌లో మళ్లీ అడగవచ్చు.

ట్యాలీ డేటా, డిజిటల్ సిగ్నేచర్ కూడా వచ్చేస్తాయా?

ట్యాలీ డేటా ఫోల్డర్ ఆ డిస్క్‌లో ఉంటే వస్తుంది. అయినా ట్యాలీ సొంత బ్యాకప్ రోజూ విడిగా తీయండి, నెల కిందటి ఖాతాలతో ఏం చేస్తారు? డిజిటల్ సిగ్నేచర్ కీ యూఎస్‌బీ టోకెన్ లోపలే ఉంటుంది, ఇమేజ్‌లోకి రాదు. టోకెన్ పారేసుకుంటే కొత్తది తీసుకోవాల్సిందే.

తెలుగు పేర్లున్న ఫైళ్లు గజిబిజి అయిపోవు కదా?

కావు. ఇమేజింగ్ ఫైలు పేర్ల జోలికి వెళ్లదు, డిస్క్ బ్లాకులను ఉన్నవి ఉన్నట్టు తీస్తుంది. ఇమేజ్ ఫైలుకు పెట్టే పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో, ఖాళీలు లేకుండా పెట్టండి.

విండోస్ 10 నుంచి 11కు మారుతున్నాను.

విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి మారడం మంచిదే. ముందురోజు ఫుల్ ఇమేజ్ తీయండి. విండోస్ ఇచ్చే వెనక్కి వెళ్లే గడువు 10 రోజులే, మీ ఇమేజ్‌కు గడువు లేదు.

ల్యాప్‌టాప్ సర్వీసుకు ఇస్తున్నాను, కీబోర్డ్ మార్చడానికే.

అయినా తీసుకునే వెళ్లండి. రిపేర్ కాగితం మీద డేటాకు బాధ్యత మాది కాదు అన్న వాక్యం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. మదర్‌బోర్డు మారిస్తే బిట్‌లాకర్ కీ అడుగుతుంది, అది కూడా దగ్గర పెట్టుకోండి.

మాది మ్యాక్. ఇదంతా వర్తిస్తుందా?

వర్తించదు. ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లకు ఇమేజింగ్ దారి సరిపడదు. బయటి డిస్క్ తగిలించి టైమ్ మెషీన్ ఆన్ చేయండి. మ్యాక్‌లో ఉన్నదానికి రెండింతల కెపాసిటీ ఉన్న డిస్క్ తీసుకోండి, మిగతాది అదే చూసుకుంటుంది.